మందు ఒంట్లోకి వెళ్లే దారి – 4వ పాఠం: పీకేఏ చిక్కు విప్పాకే ప్లాస్మా

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కకు మీరు పంపిన జవాబులన్నీ నిన్న రాత్రి కూర్చుని చదివాను. సూత్రం అందరికీ వచ్చింది, లాగరిథమ్ దగ్గర దాదాపు ఎవరూ తప్పలేదు, అయినా చాలా జవాబులు సరిగ్గా తలకిందులుగా వచ్చాయి. అందుకని ఇవాళ మొదలుపెడదామనుకున్న ప్లాస్మా (రక్తంలో కణాలు పోగా మిగిలే ద్రవం) సంగతి కాస్త ఆగాలి. ఈ తప్పును ఇలాగే వదిలేసి ముందుకు పోతే తర్వాతి పాఠాలన్నీ దాని మీదే కట్టుకుంటూ పోతాం.

లెక్క ఇదీ: పారాసిటమాల్ పీకేఏ (అదేంటో కింద చెబుతాను) 9.5, డయాజెపామ్ పీకేఏ సుమారు 3.4. రక్తం పీహెచ్ (ద్రవం ఆమ్లమా క్షారమా చెప్పే కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం) 7.4 దగ్గర ఒక్కోదానిలో చార్జ్ లేని అణువులు ఎన్ని, చార్జ్ ఉన్నవి ఎన్ని? మీలో చాలామంది మొదటి లైనులోనే "9.5 అంటే ఏడు కంటే ఎక్కువ కాబట్టి క్షారం, 3.4 అంటే తక్కువ కాబట్టి ఆమ్లం" అని రాసేసి, అక్కణ్నుంచి లెక్క ఎంత జాగ్రత్తగా చేసినా తప్పు ఊరికే చేరారు. పారాసిటమాల్ బలహీన ఆమ్లం. డయాజెపామ్ బలహీన క్షారం. పీకేఏ సంఖ్య ఒక్కటే చూసి మందు ఆమ్లమో క్షారమో చెప్పడం ఎవరివల్లా కాదు, నావల్ల కూడా కాదు.

ఇది నేను తరగతిలో ప్రతి ఏడాదీ చెబుతాను, ప్రతి ఏడాదీ పరీక్ష పేపర్లో మళ్లీ కనిపిస్తుంది, అందుకే ఈసారి విసుగొచ్చేదాకా చెబుతాను, ఓపిక పట్టండి.

పీకేఏ అంటే ఆ మందు అణువుల్లో సగం ప్రోటాన్ (హైడ్రోజన్ అయాన్) పట్టుకుని, సగం ప్రోటాన్ వదిలేసి ఉండే పీహెచ్. అంతకు మించి ఆ సంఖ్య ఏమీ చెప్పదు. చుట్టూ ఉన్న ద్రవం పీహెచ్ దానికంటే తక్కువైతే ఎక్కువ అణువులు ప్రోటాన్ పట్టుకుంటాయి, ఎక్కువైతే వదిలేస్తాయి. ఆమ్లమైనా క్షారమైనా ఇక్కడివరకు కథ ఒకటే. తేడా ఆ తర్వాత వస్తుంది: ప్రోటాన్ పట్టుకున్న అణువుకు చార్జ్ ఉందా లేదా? ఆమ్లమైతే ప్రోటాన్ ఉన్నంతసేపూ చార్జ్ ఉండదు, వదిలేశాక మైనస్ అవుతుంది. క్షారమైతే ప్రోటాన్ రాగానే ప్లస్ అవుతుంది, పోతే చార్జ్ పోతుంది. ఏడు అన్నది నీళ్లకు సంబంధించిన సంఖ్య. మందు ఆమ్లమా క్షారమా అన్నదాంతో దానికి ఏ సంబంధమూ లేదు.

ఇప్పుడు అదే లెక్క మళ్లీ చూడండి. పారాసిటమాల్: 7.4 అంటే 9.5 కంటే తక్కువ, కాబట్టి ప్రోటాన్ ఉంది, ఆమ్లం కాబట్టి చార్జ్ లేదు. తేడా 2.1 (తేడాలో ప్రతి ఒకటికీ నిష్పత్తి పది రెట్లు), అంటే చార్జ్ ఉన్నది ఒకటైతే లేనివి నూట పాతిక పైన. డయాజెపామ్: 7.4 అంటే 3.4 కంటే ఎక్కువ, ప్రోటాన్ పోయింది, క్షారం కాబట్టి చార్జ్ లేదు. తేడా 4, అంటే ఒకటికి పదివేలు. రెండూ రక్తంలో చార్జ్ లేకుండానే తిరుగుతాయి. కణాల పొరను సులువుగా దాటేది చార్జ్ లేని అణువే, కాబట్టి మీరు రాసిన జవాబు ప్రకారం డయాజెపామ్ అణువుల్లో పదివేలకు ఒక్కటి మాత్రమే మెదడులోకి దూరగలదు. మరి ఎమర్జెన్సీలో ఫిట్స్‌తో కొట్టుకుంటున్న మనిషికి నరంలోకి డయాజెపామ్ ఎక్కిస్తే నిమిషాల్లో ఎలా పనిచేస్తోంది? కాగితం మీద జవాబు రాగానే దాన్ని మంచం మీద ఉన్న పేషెంటు దగ్గరికి తీసుకెళ్లి అడగండి, తప్పయితే అక్కడే బయటపడుతుంది.

ఇంకో జత చూపిస్తాను, దీని తర్వాత ఎవరూ మర్చిపోరని నా నమ్మకం. మార్ఫిన్ పీకేఏ సుమారు 8, ఫెనిటాయిన్ (ఫిట్స్ మందు) పీకేఏ సుమారు 8.3. సంఖ్యలు పక్కపక్కనే ఉన్నాయి. కానీ మార్ఫిన్ క్షారం, కాబట్టి రక్తంలో అయిదింట నాలుగు వంతులు చార్జ్‌తో ఉంటుంది. ఫెనిటాయిన్ ఆమ్లం, కాబట్టి దాదాపు తొంభై శాతం చార్జ్ లేకుండా ఉంటుంది.

మరి ఆమ్లమో క్షారమో ఎలా తెలియాలి? పుస్తకంలో నిర్మాణం చూసి తేల్చమంటారు. మీరూ అది నేర్చుకోవాల్సిందే, కానీ నేను ముందు మాత్రల షీటు తిప్పి చూస్తాను. మందు పేరు వెనక సోడియం ఉంటే (డైక్లోఫెనాక్ సోడియం, వార్ఫరిన్ సోడియం, ఫెనిటాయిన్ సోడియం) ఆ మందు ఆమ్లం, క్షారంతో కలిపి లవణం చేశారు. వెనక హైడ్రోక్లోరైడ్, సల్ఫేట్, మలియేట్ లాంటివి ఉంటే (ప్రోప్రనోలాల్ హైడ్రోక్లోరైడ్, మార్ఫిన్ సల్ఫేట్, క్లోర్‌ఫెనిరమిన్ మలియేట్) అది క్షారం. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివాటికి రెండు గుణాలూ ఉంటాయి, వాటి దగ్గర ఈ చిట్కా సగమే పనిచేస్తుంది. పారాసిటమాల్, డయాజెపామ్ షీట్ల మీద ఏ లవణమూ ఉండదు, అవి గుర్తుపెట్టుకోవడమే. లెక్కకు కూడా నేను కాలిక్యులేటర్ తీయను: తేడా 1 అయితే పది రెట్లు, 2 అయితే వంద, 0.3 అంటే రెండు, 0.5 అంటే మూడు. మన పనికి అది చాలు.

ఆస్పిరిన్ గురించి ఒక్క మాట, చాలామంది అడిగారు కాబట్టి. పొట్టలో దానికి చార్జ్ ఉండదన్నది నిజమే, అలాగని ఎక్కువ భాగం పొట్టలోనే ఒంటికి పడుతుందని కాదు. చిన్నపేగు లోపలి ఉపరితలం పొట్టతో పోల్చలేనంత ఎక్కువ, అసలు పని అక్కడే జరుగుతుంది.

పన్ను చీము పట్టినప్పుడు మత్తు ఇంజెక్షన్ సరిగా పనిచేయదని విన్నారా? ఆ ఇంజెక్షన్లో ఉండే లిగ్నోకెయిన్ క్షారం, పీకేఏ 7.9. మామూలు చిగుళ్లలో పీహెచ్ 7.4, తేడా 0.5, కాబట్టి నాలుగింట ఒక వంతు చార్జ్ లేకుండా ఉండి నరం పొర దాటుతుంది. లోపలికి వెళ్లాక మళ్లీ ప్రోటాన్ పట్టుకుని, చార్జ్ ఉన్న రూపంలోనే నరంలో నొప్పి కబురు నడిపే సోడియం దారిని లోపలి వైపు నుంచి మూసేస్తుంది. అంటే దాటడానికి ఒక రూపం, పనిచేయడానికి ఇంకో రూపం. చీము పట్టిన చోట పీహెచ్ 6.4కి పడిపోయిందనుకోండి, తేడా 1.5 అవుతుంది, దాటగలిగేది వందకు మూడే. మందు గుచ్చారు, అక్కడే ఉంది, కానీ పొర బయట నిలబడిపోయింది. పేషెంటు "నొప్పి తెలుస్తూనే ఉంది డాక్టర్ గారూ" అంటే భయంతో అంటున్నాడనుకోకూడదు, నిజంగానే తెలుస్తోంది. అందుకే చీముకు దూరంగా, నరం పైనుంచి వచ్చే చోట ఇంజెక్షన్ ఇస్తారు.

సరే, ప్లాస్మా. పొర దాటి రక్తంలోకి వచ్చిన మందు ఖాళీగా తిరగదు, చాలా మందులు ప్లాస్మాలోని అల్బుమిన్ అనే ప్రోటీన్‌కు అతుక్కుంటాయి. ఆమ్లాలకు అల్బుమిన్ మీద మక్కువ ఎక్కువ. లిగ్నోకెయిన్, ప్రోప్రనోలాల్ లాంటి క్షారాలు ఆల్ఫా-1 యాసిడ్ గ్లైకోప్రోటీన్ అనే ఇంకో ప్రోటీన్‌ను ఎక్కువగా పట్టుకుంటాయి. అల్బుమిన్ అణుభారం 66 వేల పైన, ఫెనిటాయిన్‌ది 252. అంత పెద్దదాన్ని పట్టుకుని కూర్చున్న మందు పొర దాటలేదు. దాటేదీ, పనిచేసేదీ, లివర్ విరగ్గొట్టేదీ, కిడ్నీ వడగట్టేదీ విడిగా ఉన్న మందునే. వార్ఫరిన్‌లో (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) 99 శాతం అతుక్కునే ఉంటుంది, ఫెనిటాయిన్‌లో 90.

ఇక్కడ ల్యాబ్ రిపోర్టు మనల్ని మోసం చేస్తుంది, ఎందుకంటే మామూలుగా అది అతుక్కున్నదీ విడిదీ కలిపి మొత్తం చెబుతుంది. నేను ఆసుపత్రి ఫార్మసీలో పనిచేసిన రోజుల్లో కిడ్నీల నుంచి ప్రోటీన్ పోతూ కాళ్లు వాచిన ఒక పెద్దాయన ఫిట్స్‌కు ఫెనిటాయిన్ వాడుతుండేవారు. రిపోర్టులో మిల్లీలీటరుకు 8 మైక్రోగ్రాములు వచ్చింది, ఉండాల్సింది 10 నుంచి 20. తక్కువుందని రోజుకు 300 మిల్లీగ్రాముల మోతాదును 400 చేశారు. కొన్ని రోజులకు నేను వార్డుకు వెళ్లేసరికి ఆయన ఇడ్లీ ముక్క తుంచి చట్నీలో ముంచబోతుంటే చెయ్యి గిన్నెను దాటి పక్కన దుప్పటి మీద పడుతోంది, మళ్లీ ప్రయత్నిస్తే మళ్లీ అక్కడే. భార్య నీరసం అనుకుంటోంది. కళ్లు పక్కకు తిప్పమంటే గుడ్లు కొట్టుకుంటున్నాయి. అది నీరసం కాదు, మందు ఎక్కువైపోవడం. ఆయన అల్బుమిన్ డెసిలీటరుకు 2 గ్రాములే, బాగా తక్కువ. షైనర్–టోజర్ సూత్రం ప్రకారం రిపోర్టు సంఖ్యను (0.2 × అల్బుమిన్ + 0.1)తో భాగించాలి: 8ని 0.5తో భాగిస్తే 16. అంటే పెంచకముందే ఆయనకు సరిపడా మందు ఉంది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు 0.2 బదులు 0.1 వాడతారు. విడి ఫెనిటాయిన్ కొలిచే సౌకర్యం ఉంటే ఈ సూత్రం పక్కనపెట్టి అదే కొలిపించండి, నేనైతే ఎప్పుడూ అదే అడుగుతాను.

ఒక మందు ఇంకో మందును అల్బుమిన్ మీంచి తోసేస్తుందని పాత పుస్తకాలు చాలా భయపెడతాయి: 99 శాతం 98 అయితే విడి మందు రెట్టింపు అని. ఆ నిమిషానికి నిజమే. కానీ విడి మందు పెరిగితే లివర్ విరగ్గొట్టేది కూడా పెరుగుతుంది, కొన్నాళ్లకు విడి మందు మళ్లీ దాదాపు పాత చోటికే వస్తుంది, తగ్గేది మొత్తం సంఖ్య మాత్రమే. ఫినైల్‌బ్యుటజోన్ అనే నొప్పుల మందుతో వార్ఫరిన్ కలిపితే రక్తస్రావం ఎక్కువ కావడానికి ఈ తోపులాటే కారణమని చాలాకాలం చెప్పారు. అసలు సంగతి, వార్ఫరిన్‌లో ఎక్కువ బలమున్న రూపమైన ఎస్-వార్ఫరిన్ విరగడాన్ని ఫినైల్‌బ్యుటజోన్ అడ్డుకుంటోందని 1974లో తేలింది.

అయితే విరగ్గొట్టే శక్తి లేని చోట తోపులాట నిజంగానే ప్రాణం తీస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఇన్ఫెక్షన్ రాకుండా పెన్సిలిన్‌తో పాటు సల్ఫిసాక్సజోల్ అనే సల్ఫా మందు ఇచ్చినప్పుడు, ఆక్సీటెట్రాసైక్లిన్ ఇచ్చిన పిల్లలకంటే ఎక్కువమంది చనిపోయారు, బిలిరుబిన్ (కామెర్లలో పసుపు రంగు తెచ్చే పదార్థం) మెదడులో పేరుకుపోవడమూ ఎక్కువగా కనిపించింది. 1956లో అచ్చయిన ఫలితం అది. సల్ఫా మందు అల్బుమిన్ మీంచి బిలిరుబిన్‌ను తోసేసింది, ఆ పసి లివర్ దాన్ని వదిలించుకోలేకపోయింది, అది పొర దాటి మెదడులోకి వెళ్లింది. పుట్టుకామెర్లు బాగా ఉన్న బిడ్డకు సెఫ్ట్రియాక్సోన్ ఇవ్వకూడదనేది ఇందుకే. నర్సింగ్ చదివేవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి.

ఇక అభ్యాసం. ఈసారి కష్టంగానే ఇస్తున్నాను. ఒకటి, ఇంట్లో ఉన్న పది మాత్రల షీట్లు తీసి లవణం పేరు రాసి, ఆమ్లమో క్షారమో చెప్పండి. తేల్చలేనివి తేల్చలేదనే రాయండి. రెండు, శాలిసిలిక్ ఆమ్లం పీకేఏ 3. మూత్రం పీహెచ్ 6 నుంచి 8కి పెంచితే చార్జ్ ఉన్నదానికీ లేనిదానికీ నిష్పత్తి ఎంత నుంచి ఎంతకు మారుతుంది, ఆస్పిరిన్ ఎక్కువ మింగిన పేషెంటుకు సోడియం బైకార్బొనేట్ ఎందుకు ఎక్కిస్తారు? మూడు, తల్లిపాల పీహెచ్ రక్తం కంటే కొంచెం తక్కువ; ఆమ్లం, క్షారం రెండిట్లో ఏది పాలలో ఎక్కువ పేరుకుంటుంది? నాలుగు, ఫెనిటాయిన్ 6, అల్బుమిన్ 1.5, కిడ్నీలు బాగానే ఉన్నాయి, మోతాదు పెంచుతారా? ప్రతి లెక్కలోనూ మొదటి లైనులో "ఆమ్లం" లేదా "క్షారం" అని రాసి, అది ఎలా తెలిసిందో పక్కనే రాయండి. పీకేఏ చూసి తెలిసిందని రాసిన జవాబు నేను ఆ పైన చదవను.