ఇల్లు లేనివారి మీద వీడియో ఇన్‌స్టలేషన్ చేయాలంటే

వీడియో ఇన్‌స్టలేషన్ అంటే ప్రదర్శన గదిలో గోడ మీద వీడియో వేసి, జనం వచ్చిపోతూ చూసేలా అమర్చే కళ. దానికి ముందు తేల్చుకోవాల్సింది ముఖం చూపించాలా వద్దా అన్నది. చూపించి తీరాలనేమీ లేదు. అమెరికన్ కళాకారిణి మార్తా రోస్లర్ 1974–75లో, ఇల్లులేని తాగుబోతులకు పేరుపడ్డ న్యూయార్క్‌లోని బావరీ వీధిని ఫొటోలు తీసినప్పుడు మనుషుల్ని పూర్తిగా వదిలేశారు. ఖాళీ గడపల ఫొటోల పక్కన తాగుడును చెప్పే మాటలు పేర్చారంతే.

చూపించాలనుకుంటే కెమెరా ఎత్తు దగ్గర జాగ్రత్తపడాలి. నేల మీద కూర్చున్న మనిషికి లెన్స్ 70–80 సెంటీమీటర్ల ఎత్తులో, అంటే వారి కళ్లకు సమంగా ఉండాలి. నిలబడి తీస్తే, మాటల్లో ఎంత గౌరవమున్నా బొమ్మలో జాలే కనిపిస్తుంది. వీధి అవతలి నుంచి జూమ్ చేస్తే నిఘా కెమెరా దృశ్యంలా ఉంటుంది. 35 ఎంఎం లెన్స్‌తో మీటరున్నర దూరంలో, వారికి తెలిసేలా కూర్చోండి. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట షట్టర్ వేగం 1/50 సెకను, 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/60 సెకను పెట్టండి. లేకపోతే వీధిదీపాల కింద చారలు పడొచ్చు.

కాలర్ మైక్ గడ్డానికి జానెడు కింద చాలు. మాటలయ్యాక ఒక నిమిషం ఊరికే చుట్టుపక్కల చప్పుడు రికార్డు చేయండి. అది లేకపోతే ఎడిటింగ్‌లో కోసిన ప్రతిచోటా శబ్దం తెగినట్టు వినిపిస్తుంది.

సంతకం ఒక్కటే ఒప్పుకోలు కాదు. తీసే ముందు ఒకసారి, రఫ్ కట్ (తొలి విడత ఎడిటింగ్ చేసిన వీడియో) చూపించాక ఇంకోసారి అడగాలి. వారికివ్వాల్సిన డబ్బు చిత్రీకరణకు ముందే ఇచ్చేయండి, మధ్యలో వద్దన్నా అది వారిదే. తర్వాత ఇస్తామంటే ఎవరూ ‘వద్దు’ అనలేరు. వారి ఫోన్ నంబర్లు మారిపోవచ్చు కాబట్టి మీ నంబరే కాగితం మీద రాసివ్వండి.

ముఖం మసక చేస్తే సరిపోతుందనుకోవద్దు. గొంతు, నడక, సంచి, వెంట ఉన్న కుక్క, వీటిలో ఏదైనా పట్టిచ్చేస్తుంది. సాఫ్ట్‌వేర్‌తో మార్చిన గొంతును చాలాసార్లు వెనక్కి తిప్పవచ్చు. ఆ మాటల్ని వేరొకరి చేత చదివించడమే నయం. పడుకునే చోటు తెలిపే బోర్డులు ఫ్రేమ్‌లో పడనివ్వకండి, ఫైల్‌లోని జీపీఎస్ వివరాలు చెరిపేయండి. ఆ చోటు బయటపడితే వారిని ఖాళీ చేయించడం తేలికైపోతుంది.

ఇక గోడ. త్రో రేషియో (గోడకున్న దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 1.5 ఉన్న ప్రొజెక్టర్‌తో 3 మీటర్ల వెడల్పు బొమ్మ రావాలంటే 4.5 మీటర్ల దూరం కావాలి. కూర్చున్న మనిషిని అసలు మనిషంత పరిమాణంలో, బొమ్మ అడుగు నేలకు ఆనేలా వేసి, ఎదురుగా పొట్టి బల్ల వేయండి. చూసేవారూ కూర్చుంటారు. అప్పుడు సబ్‌టైటిళ్లు పైభాగంలో పెట్టాలి, కింద పెడితే ముందున్నవారి తలలు అడ్డొస్తాయి. జనం ఎక్కడో మధ్యలో లోపలికొస్తారు, కాబట్టి ప్రతి రెండు మూడు నిమిషాల భాగమూ విడిగా అర్థమవ్వాలి. కొన్ని ప్లేయర్లు వీడియో అయిపోయి మళ్లీ మొదలయ్యేచోట (లూప్) ఒక క్షణం ఆగుతాయి. వీడియో మొదట్లో, చివర్లో ఒక్కో సెకను నలుపు పెడితే ఆ కుదుపు తెలియదు. ప్లేయర్ నుంచి ప్రొజెక్టర్‌కు వెళ్లే హెచ్‌డీఎంఐ తీగ 10 మీటర్లు దాటితే ఆప్టికల్ (కాంతితో సిగ్నల్ పంపే) రకమే వాడండి, మామూలు తీగ మీద ఫోర్‌కే (చాలా ఎక్కువ స్పష్టత ఉన్న) బొమ్మ మధ్యమధ్య పోవచ్చు.