బరువులెత్తడం నేర్చుకుందాం – 3: మీ స్క్వాట్‌ను మీరే చూసుకోండి

గత పాఠంలో ఖాళీ బార్‌తో స్క్వాట్, అంటే బార్‌ను భుజాల మీద పెట్టుకుని గుంజీలా కిందికి దిగి లేవడం, మొదలుపెట్టాం. పొడవాటి ఒలింపిక్ బార్ అయితే అదే 20 కిలోలు. ఈసారి కొత్త వ్యాయామం ఏమీ లేదు. చేసేది సరిగ్గా ఉందో లేదో ఎవరికి వారు ఎలా తేల్చుకోవాలో చూద్దాం.

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఏసీ జిమ్ అయినా, కావలిలో రేకుల షెడ్డు అయినా సాయంత్రం రద్దీలో కోచ్ ఒక్కడే ఉంటాడు. "అన్నా, ఎట్టా ఉంది?" అని అడిగితే "బాగుందబ్బయ్యా, ఇంకొంచెం దిగు" అని పక్కవాడి దగ్గరికి వెళ్లాలి కదా పాపం. అద్దాన్ని నమ్ముకుందామంటే అది ఎదురుగా ఉంటుంది, స్క్వాట్‌లో తప్పులేమో ఎక్కువగా పక్కనుంచే తెలుస్తాయి. బరువు భుజాల మీద ఉండగా పక్క అద్దంలోకి మెడ తిప్పి చూడటం ప్రమాదం కూడా. అందుకే సెల్‌ఫోన్ వాడదాం.

ఫోన్‌ను సరిగ్గా మీ పక్కన, తుంటి ఎత్తులో, రెండు మూడు మీటర్ల దూరంలో పెట్టండి. నేల మీద పెడితే లోతుగా దిగుతున్నారో లేదో సరిగ్గా తెలియదు. ఒక బెంచీ మీద నీళ్ల బాటిల్‌కు ఆనిస్తే చాలు. పాదం నుంచి బార్ దాకా అంతా ఫ్రేములో పడాలి. మొదటి సెట్ తీసి సరిపెట్టుకోవద్దు. అలసిపోయిన చివరి సెట్టే తీయండి, అసలు లోపాలు అందులోనే బయటపడతాయి.

ఇక ఈ పాఠానికి ప్రాణం లాంటి పని. వీడియోను మీరు నిటారుగా నిలబడిన చోట ఆపండి. ఒక కాగితం అంచును స్క్రీన్ మీద నిలువుగా, పాదం మధ్యభాగం మీదుగా ఆనించి పట్టుకోండి. మధ్యభాగం అంటే షూ లేసులు కట్టే చోటు. ఇప్పుడు వీడియోను నెమ్మదిగా నడపండి. బార్ చివర గుండ్రంగా కనిపిస్తుంది కదా, అది దిగేటప్పుడూ లేచేటప్పుడూ ఆ అంచు వెంటే కదలాలి. మేస్త్రి గోడకు దారం కట్టిన గుండు వేలాడదీసి చూస్తాడే, అదే లెక్క. బార్ ఆ అంచు గీత దాటి వేళ్ల వైపు పోయిందంటే నడుము మీద భారం ఎక్కువగా పడుతోందని అర్థం.

అలా ఎందుకు పోతుంది? ముందు మడమలు చూడండి. కింద ఉన్నప్పుడు అవి లేస్తుంటే షూ సంగతి, చీలమండ సంగతి తేల్చుకోవాలి. రన్నింగ్ షూల మెత్తటి అడుగు బరువు కింద నలిగి పాదాన్ని ఊగిస్తుంది, గట్టి అడుగున్నవి వేసుకోండి. చీలమండకు చిన్న పరీక్ష ఉంది. గోడ ఎదురుగా బొటనవేలిని నాలుగు వేళ్ల దూరంలో పెట్టి, మడమ లేపకుండా మోకాలితో గోడను తాకండి. తాకకపోతే చీలమండ బిగుసుకుపోయిందన్నమాట. రోజూ ఇదే సాగదీతగా చేయండి. అది వదులయ్యేదాకా మడమల కింద పలుచటి ప్లేట్లు పెట్టుకోవచ్చు.

మోకాళ్లు వేళ్లను దాటకూడదని చాలామంది భయపెడతారు. ఆరోగ్యంగా ఉన్న మోకాళ్లకు అది తప్పేమీ కాదు. పొడవు తొడలున్నవాళ్లు దాటించకపోతే నడుమే ఎక్కువగా వంగుతుంది. చూడాల్సింది అవి లోపలికి వాలుతున్నాయా అని. అందుకు ఎదురుగా ఇంకో వీడియో తీయండి.

కిందికి దిగినప్పుడు నడుము కింది భాగం గుండ్రంగా ముడుచుకుపోతే, అది మొదలయ్యే చోటికి కాస్త పైనే ఆగండి. పోటీల్లో తుంటి మడత మోకాలి పైభాగం కంటే కిందికి దిగాలి నిజమే, కానీ మీకిప్పుడు ఏ పోటీ లేదు.

మన తీరంలో, అందులోనూ రోహిణి కార్తెలో, చెమటకి బార్ వీపు మీద జారుతుంది. నూలు టీషర్టు వేసుకోండి. ర్యాక్‌లో (బార్ పెట్టే స్టాండ్‌లో) సేఫ్టీ బార్లు, అంటే మీరు లేవలేకపోతే బార్‌ను ఆపే అడ్డకడ్డీలు, మీరు దిగే లోతుకు కొంచెం కింద ఉండాలి. వాటిని పెట్టకుండా ఒంటరిగా స్క్వాట్ చేయొద్దు. కీలులో పొడిచినట్టు నొప్పి వస్తే ఆపి డాక్టర్‌కి చూపించండి.

వీడియోలో మూడు నాలుగు తప్పులు కనిపిస్తే టెన్షన్ పడకండి. అన్నీ ఒకేసారి సర్దబోతే ఏదీ కుదరదు. ముందు మడమలు, అవి నిలిచాక బార్ గీత. వచ్చే పాఠం డెడ్‌లిఫ్ట్, అంటే నేల మీది బార్‌ను పైకెత్తి నిలబడటం. ఈ వారం ప్లేట్లు పెంచకుండా, అదే చోటి నుంచి, అదే ఎత్తులో రెండు వీడియోలు తీసి పక్కపక్కన పెట్టి చూసుకోండి.