మిర్రర్ డిస్కుల సర్వర్‌కి ఇమేజింగ్, బ్యాకప్ టూల్స్: సమస్య - పరిష్కారం

రెయిడ్ 1 (ఒకే డేటాను రెండు డిస్కుల్లో ఒకేసారి రాసే మిర్రరింగ్) ఉంది కదా, ఇంకా బ్యాకప్ ఎందుకు అనే మాట చిన్న ఆఫీసుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. ఒక డిస్కు పోతే రెండోదాంతో సర్వర్ నడుస్తుంది, అంతవరకే దాని పని. ఎవరైనా పొరపాటున ఒక ఫోల్డర్ డిలీట్ చేస్తే అది రెండు డిస్కుల్లోంచీ ఒకేసారి పోతుంది. రాన్సమ్‌వేర్ (ఫైళ్లను లాక్ చేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్) వచ్చినా అంతే. బ్యాకప్ తప్పదు. అయితే మామూలు పీసీ మీద చక్కగా పనిచేసిన ఇమేజింగ్ టూల్ (డిస్కు మొత్తాన్నీ ఇమేజ్ ఫైల్‌గా కాపీ చేసేది) మిర్రర్ ఉన్న సర్వర్ మీద ఇబ్బంది పెడుతుంది.

ఏ టూల్ మంచిది అని అడిగే ముందు ఒకటి తేల్చుకోండి: మీ సర్వర్‌లో మిర్రరింగ్ ఎవరు చేస్తున్నారు? విడిగా పెట్టిన రెయిడ్ కార్డా, మదర్‌బోర్డు బయోస్‌లో ఉండే రెయిడ్ ఆప్షనా, ఆపరేటింగ్ సిస్టమా? జవాబును బట్టి టూల్ మారిపోతుంది.

లక్షణం: ఇమేజింగ్ సీడీతో బూట్ చేస్తే ఒక డిస్కు బదులు రెండు కనిపిస్తున్నాయి

అసలైన రెయిడ్ కార్డు ఉంటే ఈ సమస్య రాదు. కార్డు రెండు డిస్కులనూ కలిపి ఒకే డిస్కుగా చూపిస్తుంది, క్లోన్‌జిల్లా లాంటి ఇమేజింగ్ టూల్‌కి దాని వెనక ఏముందో తెలియాల్సిన పనే లేదు. డిస్కు అసలే కనిపించకపోతే కార్డు డ్రైవర్ లేదని అర్థం. విండోస్ రికవరీలో అయితే ఆ డ్రైవర్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని లోడ్ చేయాలి.

రెండు డిస్కులు కనిపిస్తే మిర్రర్ సాఫ్ట్‌వేర్‌దో, మదర్‌బోర్డుదో. మదర్‌బోర్డు రెయిడ్‌లో కూడా మిర్రరింగ్ పనంతా డ్రైవరే చేస్తుంది. ఆ డ్రైవర్ లేచి రెండింటినీ జత కట్టకపోతే, బూట్ అయిన టూల్‌కి అవి వేర్వేరు డిస్కులే.

ఇక్కడ చాలామంది ఒక డిస్కుని ఇమేజ్ తీసి, తర్వాత ఆ ఒక్కదాని మీదకే రీస్టోర్ చేస్తారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఒక డిస్కులో పాత డేటా, ఇంకోదాంట్లో కొత్త డేటా ఉంటాయి, రెయిడ్‌కి మాత్రం ఆ సంగతి తెలియకపోవచ్చు. అలా అయితే చదివేటప్పుడు ఒక బ్లాక్ ఇక్కడినుంచి, ఇంకో బ్లాక్ అక్కడినుంచి తెస్తుంది. ఫైల్ సిస్టమ్ మెల్లగా పాడవుతుంది, కారణం చూద్దామంటే ఏ లాగ్‌లోనూ దొరకదు.

పరిష్కారం: లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ అయితే క్లోన్‌జిల్లా షెల్‌లోకి వెళ్లి, లినక్స్ రెయిడ్‌ని నడిపే ఎండీఏడీఎం (mdadm) కమాండ్‌తో అర్రేని, అంటే రెండు డిస్కుల జతని, రీడ్ ఓన్లీగా అసెంబుల్ చేసి, అప్పుడు ఒకే డిస్కులా కనిపించే ఆ ఎండీ డివైస్‌నే ఇమేజ్ తీయండి. ఇంటెల్ మదర్‌బోర్డు రెయిడ్‌ని కూడా ఎండీఏడీఎం గుర్తుపడుతుంది. ముందు రెయిడ్ స్థితిని చూపించే ఎండీస్టాట్ ఫైల్ (/proc/mdstat) చూడండి. బ్రాకెట్లలో రెండు యూ అక్షరాలుంటే రెండు డిస్కులూ బాగున్నట్టు. ఒక యూ, ఒక అండర్‌స్కోర్ ఉంటే ఒక డిస్కు అప్పటికే బయట ఉంది. అది ఎప్పుడు పోయిందో, ఎందుకు పోయిందో తెలిసేదాకా రీబిల్డ్ (ఒక డిస్కు నుంచి రెండోదాన్ని మళ్లీ నింపడం) మొదలుపెట్టకండి. ముందు బ్యాకప్ తీయండి.

ఒక్కొక్క డిస్కుని విడిగా మౌంట్ చేసి (ఫైళ్లు కనిపించేలా తెరిచి) చూద్దామనే ఆలోచన కూడా వద్దు. రెయిడ్ వివరాలు పార్టిషన్ చివర్లో ఉండే పాత మెటాడేటా రకాల్లో అది మామూలు ఎక్స్‌ట్4 (లినక్స్ ఫైల్ సిస్టమ్) లాగే తెరుచుకుంటుంది. సర్వర్ సరిగ్గా షట్‌డౌన్ కాకపోయి ఉంటే, రీడ్ ఓన్లీగా మౌంట్ చేసినా ఎక్స్‌ట్4 తన జర్నల్‌ని (పూర్తికాని మార్పుల చిట్టాని) రీప్లే చేస్తుంది, అంటే డిస్కు మీద రాసినట్టే. ఆ క్షణం నుంచి రెండు డిస్కులూ ఒకటి కావు.

లక్షణం: 80 జీబీ డేటాకి ఇమేజ్ డిస్కంత సైజులో వస్తోంది, రాత్రంతా నడుస్తోంది

క్లోన్‌జిల్లా లోపల పనిచేసేది పార్ట్‌క్లోన్. ఫైల్ సిస్టమ్‌ని గుర్తుపడితే వాడుకలో ఉన్న బ్లాకులే కాపీ చేస్తుంది. రెయిడ్ సభ్యుడిగా ఉన్న పార్టిషన్‌ని నేరుగా ఇస్తే లోపలి ఫైల్ సిస్టమ్ దానికి కనపడదు, ఇక ఖాళీ చోటుతో సహా ప్రతి సెక్టారూ కాపీ చేస్తుంది. పైన చెప్పినట్టు ఎండీ డివైస్‌ని ఇస్తే సరిపోతుంది.

నన్నడిగితే, లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్‌కి సెక్టార్ ఇమేజ్ కన్నా రిలాక్స్ అండ్ రికవర్ అనే టూల్ మేలు. సర్వర్ నడుస్తుండగానే అది పార్టిషన్లు, మిర్రర్, ఎల్‌వీఎమ్ (డిస్కు చోటుని భాగాలుగా పంచే లినక్స్ పద్ధతి), బూట్‌లోడర్ (సిస్టమ్‌ని లేపే ప్రోగ్రామ్) వివరాలను ఒక టెక్స్ట్ ఫైల్‌గా రాసుకుంటుంది, బూట్ అయ్యే ఐఎస్‌ఓ (సీడీ ఇమేజ్ ఫైల్) తయారుచేస్తుంది. రికవర్ చేసేటప్పుడు కొత్త డిస్కుల మీద మిర్రర్‌ని మళ్లీ కట్టి, ఫైళ్లను అందులో పోస్తుంది. పాత డిస్కు సెక్టార్లతో దానికి పనిలేదు.

లక్షణం: రీస్టోర్ సక్రమంగా అయింది, సర్వర్ బూట్ కావట్లేదు

రెండు రకాలుగా జరుగుతుంది. మొదటిది: బూట్ డివైస్ లేదు అంటుంది. యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్‌కి (కొత్త మదర్‌బోర్డుల్లో బయోస్ స్థానంలో ఉండేది) లినక్స్ మిర్రర్ అర్థం కాదు, అది ఫ్యాట్ పార్టిషన్‌లోంచే బూట్ ఫైల్ చదువుతుంది. ఆ ఈఎఫ్‌ఐ పార్టిషన్ చాలా సర్వర్లలో మొదటి డిస్కులో మాత్రమే ఉంటుంది. ఆ డిస్కే పోతే, రెండో దాంట్లో డేటా అంతా భద్రంగా ఉన్నా సర్వర్ లేవదు. రెండో డిస్కులోనూ ఈఎఫ్‌ఐ పార్టిషన్ పెట్టి, మొదటిదాంట్లో ఉన్నదంతా కాపీ చేసి, ఈఎఫ్‌ఐ బూట్ మేనేజర్‌లో దానికో ఎంట్రీ కలపండి. పాత బయోస్ సర్వర్ అయితే గ్రబ్ బూట్‌లోడర్‌ని రెండు డిస్కుల మీదా ఇన్‌స్టాల్ చేయాలి.

రెండోది: బూట్ మొదలై, రూట్ డివైస్ దొరకలేదని ఎమర్జెన్సీ షెల్‌లో ఆగుతుంది. కొత్తగా కట్టిన మిర్రర్‌కి కొత్త యూయూఐడీ (గుర్తింపు సంఖ్య) వచ్చింది, కాన్ఫిగ్ ఫైళ్లలో ఇంకా పాతదే ఉంది. రెస్క్యూ సీడీతో లేపి, సీహెచ్‌రూట్ కమాండ్‌తో రీస్టోర్ అయిన సిస్టమ్‌లోకి వెళ్లి, ఎండీఏడీఎం కాన్ఫిగ్, ఎఫ్‌స్టాబ్ (బూట్‌లో మౌంట్ చేయాల్సినవాటి జాబితా) రెండూ సరిచేయండి. తర్వాత ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ని (బూట్ మొదట్లో లోడ్ అయ్యే చిన్న సిస్టమ్‌ని) మళ్లీ తయారుచేయడం మర్చిపోకండి. ఆల్మాలినక్స్ లాంటి లినక్స్ రకాల్లో ఆ పని డ్రాకట్ అనే కమాండ్‌ది.

సరిచేశాక ఒక డిస్కు తీసేసి బూట్ చేసి చూడండి. దాన్ని తిరిగి పెట్టి, సింక్ పూర్తయ్యాకే రెండోది తీయండి. సింక్ సగంలో ఉండగా తీస్తే ఉన్న ఒక్క మంచి కాపీ మీ చేతిలో ఉంటుంది, సర్వర్‌లో ఉండదు. ఏ డిస్కు ఏదో డివైస్ పేర్లను బట్టి నమ్మకండి, బూట్‌కీ బూట్‌కీ అవి మారొచ్చు. స్మార్ట్ రిపోర్టులో (డిస్కు తన ఆరోగ్యం గురించి ఇచ్చేది) కనిపించే సీరియల్ నంబర్‌ని డిస్కు లేబుల్ మీదున్న నంబర్‌తో సరిచూసుకోండి.

లక్షణం: సర్వర్ లేచింది, డేటాబేస్ తెరుచుకోవట్లేదు

నడుస్తున్న సర్వర్‌ని డీడీతో (సెక్టార్లను ఉన్నవున్నట్టు కాపీ చేసే కమాండ్) కాపీ చేస్తే ఇదే గతి. కాపీ మొదలైనప్పుడు ఒక టేబుల్, ముగిసేసరికి దాని ఇండెక్స్, రెండూ వేర్వేరు సమయాల్లోవి. లినక్స్‌లో ఎల్‌వీఎమ్ స్నాప్‌షాట్ (ఆ క్షణంలో డేటా ఉన్న స్థితి) తీసి దాన్ని కాపీ చేయండి. అంతకన్నా నమ్మకమైనది డేటాబేస్ సొంత డంప్ (తన డేటాను తానే ఫైల్‌గా రాయడం): మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీ టేబుళ్లకి సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్‌తో, పోస్ట్‌గ్రెస్‌కి పీజీ డంప్‌తో. ట్యాలీ వాడేవాళ్లు దాని సొంత బ్యాకప్ ఆప్షన్‌ని విడిగా వాడాలి.

విండోస్‌లో ఈ పని వాల్యూమ్ షాడో కాపీ (వీఎస్‌ఎస్) చూసుకుంటుంది. బ్యాకప్ ఆ దశలోనే ఫెయిలవుతుంటే వీఎస్‌ఎస్ అడ్మిన్ కమాండ్‌తో రైటర్ల (ఒక్కో ప్రోగ్రామ్‌ని బ్యాకప్‌కి సిద్ధం చేసే భాగాల) జాబితా చూడండి. ఫెయిల్డ్ అని ఉన్న రైటర్‌కి సంబంధించిన సర్వీస్‌ని రీస్టార్ట్ చేయండి. జాబితా అంతా బాగుంటే ఆ కాపీలు దాచే షాడో స్టోరేజ్‌కి చోటు చాలుతోందా చూడండి.

లక్షణం: రోజూ బ్యాకప్ అవుతోంది, పోయిన వారం ఫైల్ మాత్రం దొరకట్లేదు

విండోస్ సర్వర్ బ్యాకప్‌ని నెట్‌వర్క్ షేర్‌కి పంపితే అక్కడ చివరి కాపీ ఒక్కటే ఉంటుంది, ప్రతిసారీ పాతదాని మీదే రాస్తుంది. పాత వెర్షన్లు కావాలంటే విడిగా ఒక డిస్కు కేటాయించాలి. లినక్స్‌లో రోజువారీ డేటాకి బోర్గ్ గానీ రెస్టిక్ గానీ పెట్టండి. మారిన భాగాలే పంపుతాయి, ఎన్‌క్రిప్ట్ చేస్తాయి, ఎన్ని రోజులవి ఉంచాలో మీరే చెప్పొచ్చు. ఇమేజ్ నెలకోసారో, పెద్ద అప్‌డేట్‌కి ముందో చాలు. ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ ఆ సర్వర్‌లో మాత్రమే దాచుకుంటే, సర్వర్‌తోపాటే బ్యాకప్ కూడా పోయినట్టే.

లక్షణం: కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ గంటల తరబడి రీసింక్

బ్యాకప్ జరిగే వేళకి రీసింక్ (రెండు డిస్కులనూ మళ్లీ ఒకేలా చేయడం) కూడా నడుస్తుంటే రెండూ నత్తనడకే. అర్రేకి ఇంటర్నల్ బిట్‌మ్యాప్ (ఏ భాగాల్లో రాస్తోందో గుర్తుపెట్టుకునే పట్టీ) ఉందో లేదో చూడండి, లేకపోతే కలపండి. అప్పుడు కరెంటు పోయేముందు రాస్తున్న భాగాలను మాత్రమే సరిచూసుకుంటుంది. యూపీఎస్‌ని యూఎస్‌బీతో సర్వర్‌కి కలిపి, బ్యాటరీ అడుగంటేలోపు దానంతటదే షట్‌డౌన్ అయ్యేలా పెట్టాలి.

లక్షణం: కొత్త డిస్కు కూడా 1 టీబీయే, అయినా సైజు చాలదంటోంది

ఒకే సైజు పేరుతో అమ్మే డిస్కుల్లోనూ సెక్టార్ల లెక్కలో కొద్ది తేడా ఉండొచ్చు. క్లోన్‌జిల్లా మామూలుగా ఇమేజ్ తీసిన డిస్కు కన్నా చిన్న డిస్కు మీదకి రీస్టోర్ చేయదు. ఫైళ్లుగా తీసిన బ్యాకప్‌కి ఈ ఇబ్బంది లేదు, కొత్త మిర్రర్ కాస్త చిన్నగా కట్టుకుని అందులోకి రీస్టోర్ చేయొచ్చు. ఇప్పుడే సర్వర్ సెటప్ చేస్తున్నవాళ్లయితే డిస్కు చివర ఒక జీబీ ఖాళీగా వదిలి పార్టిషన్ చేయండి.