తోటివాళ్లకు చెబుతూ పాఠం నేర్చుకోవడం ఎలా?

చదువుతున్నంతసేపూ అంతా వచ్చినట్టే ఉంటుంది. పక్కవాడు "ఎందుకలా?" అని అడిగితే మాత్రం నోరు పెగలదు. మనకు రానిది సరిగ్గా అక్కడే ఉంది. పరీక్ష హాల్లోకి వెళ్లకముందే దాన్ని పట్టుకోవాలంటే తోటివాళ్లకు పాఠం చెప్పి చూడాలి. ఇదేమీ కొత్త పద్ధతి కాదు. బళ్లారి ప్రాంతపు వీధిబడుల్లో పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు నేర్పుతూ తమ చదువునూ గట్టిపరచుకుంటున్నారని, అది మెచ్చదగ్గ పద్ధతని అక్కడి కలెక్టర్ క్యాంప్‌బెల్ 1823లోనే నివేదిక రాశాడు.

పదో తరగతి భౌతికశాస్త్రంలోంచి ఒక ఉదాహరణతో చూద్దాం.

1. చిన్న ముక్క ఎంచుకోండి. "విద్యుత్" పాఠమంతా పెట్టుకుంటే ఎంతకీ తెమలదు. పదిహేను నిమిషాల్లో చెప్పగలిగే ఒక్క ప్రశ్న చాలు. ఉదాహరణకు, నిరోధాలను సమాంతరంగా (కరెంటుకు వేర్వేరు దారులు ఉండేలా పక్కపక్కన) కలిపితే ఫలిత నిరోధం, అంటే అన్నీ కలిసిన మొత్తం నిరోధం, ఎందుకు తగ్గుతుంది?

2. చదివాక పుస్తకం మూసేసి, తెల్లకాగితం మీద బొమ్మ, సూత్రం, ఒక లెక్క వేయండి. చెయ్యి ఆగిన చోట గుర్తు పెట్టుకుని, ఆ భాగమే మళ్లీ చదవండి.

3. వినడానికి ఇద్దరు ముగ్గురు చాలు. క్లాస్ ఫస్ట్ వచ్చేవాణ్ని కూర్చోబెట్టకండి. మీరు వదిలేసింది తనే పూరించుకుని తలూపేస్తాడు. ఆ పాఠం సరిగా రానివాళ్లే మీకు పనికొస్తారు.

4. నోట్సు చేతిలో లేకుండా, బోర్డు మీద గీస్తూ చెప్పండి. నోట్సు పట్టుకుంటే చదివి వినిపించడమే అవుతుంది. ఇంగ్లీషు మీడియం వాళ్లయినా ఒకసారి తెలుగులో చెప్పి చూడండి, బట్టీ పట్టిన వాక్యాలు అక్కడ సాయానికి రావు.

6 ఓమ్‌లు, 3 ఓమ్‌ల నిరోధాలు సమాంతరంగా ఉన్నాయనుకోండి. 1/6 + 1/3 = 1/2 అని రాసి, జవాబు అర ఓమ్ అనేసేవాళ్లు ప్రతి క్లాసులోనూ ఉంటారు. ఫలిత నిరోధం R అనుకుంటే వచ్చింది 1/R కదా, తిరగేస్తే R = 2 ఓమ్‌లు. ఇక్కడితో ఆపితే సూత్రం చెప్పినట్టే, విషయం చెప్పినట్టు కాదు. "ఇంకో నిరోధం చేరిస్తే పెరగాలిగా?" అని ఎవరో ఒకరు అడుగుతారు, అడగకపోతే మీరే అడగండి. 6 వోల్టుల బ్యాటరీ కలపండి. మొదటి దాంట్లో 1 ఆంపియర్, రెండో దాంట్లో 2 ఆంపియర్లు, మొత్తం 3 ఆంపియర్లు ప్రవహిస్తాయి. కరెంటుకు ఇంకో దారి దొరికింది కాబట్టి బ్యాటరీ నుంచి ఎక్కువ వస్తోంది. అంటే మొత్తం మీద నిరోధం తగ్గినట్టే: 6/3 = 2.

5. "అర్థమైందా?" అని అడగకండి, అందరూ ఊఁ అంటారు. 12, 4 ఓమ్‌లు ఇచ్చి చేయమనండి. 3 వస్తే సరే. 16 అన్నవాడు శ్రేణి సంధానంతో (ఒకదాని తర్వాత ఒకటి కలపడంతో) కలగాపులగం చేశాడు, 1/3 అన్నవాడు తిరగేయడం మరిచాడు. ఏ తప్పు ఎందుకు వచ్చిందో చెప్పగలిగారంటే ఆ పాఠం మీకు వచ్చినట్టే.

6. జవాబు తెలియని సందేహం వస్తే ఊహించి చెప్పకండి. తప్పు చెబితే అది ఇద్దరి బుర్రలోనూ నాటుకుంటుంది. "చూసి చెప్తా" అని రాసుకుని, ఆ రోజే పుస్తకంలో చూడండి లేదా సార్‌ని అడగండి. అసలు లాభమంతా ఈ చిట్టాలోనే ఉంటుంది.

వినేవాళ్లు దొరక్కపోతే ఫోన్‌లో రికార్డు చేసి వినండి. ఎదురు ప్రశ్న రాదు కాబట్టి సగం పనే అవుతుంది, అయినా ఏమీ లేనిదానికన్నా నయం.

గుంపుగా చదివేటప్పుడు ఎవరికి బాగా వచ్చిన పాఠాన్ని వాళ్లే ఎప్పుడూ తీసుకోవడం పెద్ద చిక్కు. ఎవరికి ఏది రాదో అదే వాళ్లకు అప్పగించి, రెండు రోజుల గడువివ్వండి. పరీక్ష ముందు రోజు మాత్రం ఇది పెట్టుకోకండి, కొత్త సందేహాలు బయటపడి కంగారు పుడుతుంది. లెక్కల్లో వేగం కావాలంటే ఎవరి లెక్కలు వాళ్లు చేసుకోవాల్సిందే. చెప్పినంత మాత్రాన చేతి వేగం రాదు.