గోతిక్ చర్చిని చూడటం నేర్చుకుందాం – 3వ పాఠం: బరువు ఎటు పోతోంది?

గోతిక్ అంటే మధ్యయుగాల యూరప్‌లో చర్చిలు కట్టిన ఒక పద్ధతి. పోయిన పాఠంలో అందులోని మొన తేలిన ఆర్చి గురించి చెప్పుకున్నాం కదా, గుండ్రటి ఆర్చి కన్నా అది పక్కలకి తక్కువ తోస్తుందని. తక్కువే గానీ తోయడం మాత్రం మానదు. ఈ పాఠమంతా ఆ తోపు గురించే. మనం ఇంకా జర్మనీలో కొలోన్‌లోనే ఉన్నాం, స్టేషన్ బయటికి రాగానే మీద పడేట్టు కనిపించే ఆ నల్లటి చర్చి దగ్గరే.

వెళ్లే ముందు ఇంట్లో ఒక పని చేయండి. రెండు పేకముక్కలు నున్నటి బల్ల మీద ఒకదానికొకటి ఆనించి ఇంటికప్పులా నిలబెట్టండి, కాళ్లు జారి పడుకుంటాయి. రెండు పక్కలా ఖాళీ అగ్గిపెట్టెలు అడ్డం పెట్టండి, నిలబడతాయి, కానీ పైనుంచి వేలితో కొంచెం నొక్కితే అగ్గిపెట్టెలు కూడా జరిగిపోతాయి. వాటి బదులు బియ్యం పోసిన చిన్న డబ్బాలు పెట్టి నొక్కి చూడండి. ముక్కలు వంగుతాయేమో గానీ డబ్బాలు కదలవు. ఈ డబ్బాని గుర్తుపెట్టుకోండి, బయట మళ్లీ కనిపిస్తుంది.

ఇప్పుడు లోపలికి. ప్రార్థన జరుగుతుంటే తిరగనివ్వరు, ఆగండి. నడుస్తూ పైకి చూడకండి, నేను మొదటిసారి అలాగే చూసి ఎవరినో గుద్దుకుని సారీ చెప్పాల్సొచ్చింది, హాయిగా ఒక బెంచీ మీద కూర్చోండి. కప్పు 43 మీటర్ల ఎత్తులో ఉంటుంది, అంటే దాదాపు పద్నాలుగు అంతస్తులు. అక్కడ రాతి పక్కటెముకలు, అంటే కప్పు కింద వంపుగా సాగే రాతి పట్టీలు, వచ్చి కలిసే ముడిరాయి ఒకటి చూపుతో పట్టుకుని, అక్కణ్ణుంచి ఒక పక్కటెముక వెంటే చూపు కిందికి దించండి. అది గోడలోకి మాయమవ్వదు, స్తంభానికి అంటుకున్న సన్నటి రాతి కడ్డీ అయిపోయి మీ కాళ్ల దగ్గర నేల దాకా వచ్చేస్తుంది. స్తంభం చుట్టూ అన్ని కడ్డీలు ఎందుకురా బాబూ అని మొదట్లో నాకు విసుగొచ్చేది, ఇలా ఒక్కోదాన్నీ వెంబడించాకే అర్థమైంది, ఏ కడ్డీ పైన దేన్ని అందుకుంటుందో.

అయితే కంటికి కనిపించేది కిందికి దిగే బరువే. పక్కకి తోసేది గోడ అవతల ఉంది. అందుకే సగం పాఠం బయటే.

చర్చి చుట్టూ తిరిగి తూర్పు వైపుకి, రైన్ నది ఉన్న వైపుకి వెళ్లండి. పైన గోడకి ఆనించినట్టు వంపు తిరిగిన రాతి చేతులు కనిపిస్తాయి, వాటినే ఫ్లయింగ్ బట్రెస్ అంటారు. లోపలి తోపుని అవి అందుకుని, మధ్యలో ఒక స్తంభం మీద అడుగు పెట్టి, ఇంకో గెంతు గెంతి బయటి లావుపాటి స్తంభం మీద దించుతాయి. ఆ స్తంభం నెత్తిన గోపురంలాంటి రాతి మొన ఉందా, ఫొటోల్లో అందరూ అలంకారం అనుకునేది? అదే మన బియ్యం. దాని బరువు స్తంభాన్ని కిందికి అదిమి పెడుతుంది, తోపు పక్కకి పోకుండా కిందికి మళ్లుతుంది. గోడకి ఈ మోత తప్పింది కాబట్టే దాన్ని తీసేసి అద్దాలు పెట్టగలిగారు.

ఇక్కడే ఇంకో సంగతి. ఈ చేతుల మీద చెక్కుడు పని దక్షిణం వైపు బాగా ఎక్కువ, ఉత్తరం వైపు సాదాసీదా. రెండు వైపులా తిరిగి మీరే పోల్చుకోండి.

కట్టడం 1248లో మొదలైంది, ఈ తూర్పు భాగం 1322కి పూర్తయింది. తర్వాత 16వ శతాబ్దంలో పని ఆగిపోయి, సగం లేచిన దక్షిణ టవర్ మీద చెక్క క్రేన్ ఒకటి వందల ఏళ్లు అలాగే నిలబడి ఉంది. 1842లో మళ్లీ మొదలుపెట్టి 1880కి 157 మీటర్ల టవర్లతో ముగించారు. మీరు కూర్చున్న బెంచీ ఉన్నది పడమటి భాగంలో, అంటే దాని పైనున్న కప్పు 19వ శతాబ్దానిది, తూర్పున కనిపించేది అసలు పాతది.

హోంవర్క్: లోపల ఒక స్తంభం ఎంచుకుని, తూర్పు గోడ నుంచి అది ఎన్నోదో లెక్కపెట్టుకుని, బయటికొచ్చి దానికి కాపు కాస్తున్న రాతి చెయ్యి ఏదో కనిపెట్టండి. నాకు మూడుసార్లు లెక్క తప్పింది.

వచ్చే పాఠం రంగుటద్దాల మీద. దానికి జర్మనీ దాకా రాలేనివాళ్లు మెదక్ చర్చికి వెళ్లినా చాలు, అక్కడ మూడు పెద్ద కిటికీలున్నాయి. పగలే వెళ్లండి, ఎండ ఉండగా.