హర్స్ట్ ఇరుకు దాటడానికి నాకు పనిచేసిన లెక్క

ఇంగ్లండ్ దక్షిణ తీరాన లిమింగ్టన్ నుంచి పూల్ రేవుకు, ట్రెయిలర్‌పై తీసుకువెళ్లే చిన్న తెరచాప పడవలో వెళ్లదలచినవారు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: నీటిలో నాలుగు నాట్ల (గంటకు సుమారు ఏడు కిలోమీటర్ల) వేగంతో సాగుతున్న పడవ, దారిలోని ఇరుకైన జలమార్గం పక్కనున్న హర్స్ట్ కోట ఎదుట ఎందుకు నిలిచిపోతుంది? తెల్లవారకముందే బయలుదేరడం, బరువు తగ్గించడం, ఇంజన్ తోడు తీసుకోవడం, ఫోన్‌లో పోటు ఎత్తులు చూసుకోవడం నాకు ఉపకరించలేదు. అమావాస్య, పౌర్ణమి దాటిన రోజుల్లో అక్కడ ఎదురొచ్చే ఆటుపోట్ల ప్రవాహ వేగమే నాలుగు నాట్లు మించుతుంది.

ఫలించినది ప్రవాహాల అట్లాసు, అంటే ఆటుపోట్ల ప్రవాహం దిశనూ వేగాన్నీ చూపే పటాల పుస్తకం. అందులో అదే తీరంలోని పోర్ట్స్‌మత్ రేవులో పోటు వచ్చే వేళకు ముందూ తరువాతా గంటకొక పటం ఉంటుంది. ముందురోజు రాత్రి ఆ పోటు సమయం చూసి, వేసవిలో అక్కడి గడియారాలను గంట ముందుకు జరుపుతారు కనుక ఒక గంట కలిపి, ప్రతి పటం మీద గడియారపు సమయాన్ని పెన్సిలుతో రాశాను. పూల్ ఉన్న పడమర వైపు సాగే ప్రవాహం పోటుకు సుమారు గంట ముందు మొదలై, పోటు తరువాత దాదాపు నాలుగున్నర గంటల దాకా సాగుతుంది కనుక, హర్స్ట్ చేరే వేళను దాని ఆరంభానికి ఖాయం చేసి, అక్కడి నుంచి వెనక్కి లెక్కిస్తూ లిమింగ్టన్ నదిలో ప్రయాణానికీ, పడవను నీటిలోకి దించడానికీ, తెరచాప స్తంభం నిలపడానికీ పట్టే సమయాలను తీసివేశాను. అలా తేలిన వేళను సౌకర్యం కోసం మార్చకపోవడమే ఇందులో కీలకం. చివరగా గాలి చూడాలి: బలమైన నైరుతి గాలి ఆ ప్రవాహానికి ఎదురైతే ఇరుకు దాటాక వచ్చే నీడిల్స్ అనే రాళ్ల వద్ద ప్రమాదకరమైన నిటారు అలలు లేస్తాయి, ఆ రోజు ప్రయాణం మానుకోవాలి.

ఈ పద్ధతి ఆటుపోట్ల ప్రవాహం బలంగా ఉండే ఇరుకులకే సరిపోతుందని నా అభిప్రాయం. విశాఖ తీరంలోనైతే ఋతువును బట్టి దిశ మారే ప్రవాహం, మధ్యాహ్నపు సముద్రపు గాలి అంతకన్నా ముఖ్యం కావచ్చు.