వద్దన్నా మళ్లీ మళ్లీ అడిగే సైట్ల నోరు మూయించడం ఎలా?

భీమవరం దగ్గర మా మావయ్యకు రొయ్యల చెరువుంది. పొద్దున్నే వంద కౌంట్ (కిలోకి వంద రొయ్యలు తూగే సైజు) రేటెంతో చూద్దామని ఫోన్ తీస్తే, రేటు కనబడేలోపు మూడు బాక్సులు అడ్డం పడతాయి. నోటిఫికేషన్లు కావాలా? కుకీలకు ఒప్పుకుంటారా? మా యాప్ వేసుకుంటారా? "నిన్ననే వద్దన్నాను కదరా, మళ్లీ అడుగుతాదేంటి? వైరస్ గానీ పట్టిందా?" అంటూ ఫోన్ నా చేతిలో పెట్టారు.

వైరస్ కాదు. ఆయన రోజూ నొక్కుతున్నది "వద్దు" కాదు, "ఇప్పుడు కాదు".

ముందు నోటిఫికేషన్ల సంగతి చూద్దాం. ఇక్కడ చాలా సైట్లు రెండు బాక్సులు వాడతాయి. మొదటిది సైట్ వాళ్లు సొంతంగా తయారుచేసుకున్నది. "సరే", "తర్వాత" అని రంగురంగుల బటన్లుంటాయి. రెండోది బ్రౌజర్ అడిగేది: "అలో", "బ్లాక్". ఈ రెండోదాంట్లో బ్లాక్ నొక్కారంటే ఆ సైట్‌కి మళ్లీ బ్రౌజర్ చేత అడిగించే దారి ఉండదు. ఆ భయంతోనే ముందు తమ బాక్స్‌తో మన మనసు కనిపెడతారు. "తర్వాత" అన్నారా, అసలు బాక్స్ బయటికి తీయరు, రేపు మళ్లీ వస్తారు. అందుకని నేను తిరగేసి చేస్తాను: తెలిసిన సైటైతే మొదటిదానికి "సరే" అని, బ్రౌజర్ అడగగానే "బ్లాక్" నొక్కుతాను. తొందరపడి అలో నొక్కితే మాత్రం అంతే సంగతులు! "మీరు రోబో కాదని తేలాలంటే అలో నొక్కండి" అనే సైట్ల జోలికి అసలు పోవద్దు, ట్యాబ్ మూసేయండి.

ఇంత తతంగం ఎందుకనుకుంటే, ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్రోమ్ తెరిచి మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ వరకూ వెళ్లండి. పైనున్న స్విచ్ ఆపేస్తే ఇక కొత్త సైట్లేవీ బ్రౌజర్ ద్వారా అడగలేవు. ఇదివరకు అలో ఇచ్చినవి కిందే ఉంటాయి. మావయ్య ఫోన్‌లో పదిహేడు తేలాయి! ఒక్కోటీ తెరిచి బ్లాక్ చేయండి. స్విచ్ ఆన్‌లోనే ఉంచుకునేవాళ్లు సైట్‌ని "క్లియర్" చేసి వదిలేయకండి. దాంతోపాటు మీ జవాబూ చెరిగిపోయి, మళ్లీ మొదటికొస్తుంది.

కుకీలదీ ఇదే తంతు. కుకీ అంటే సైట్ మన బ్రౌజర్‌లో దాచుకునే చిన్న చీటీ. మీరు వద్దన్నారని సైట్ రాసిపెట్టుకునేది మామూలుగా ఓ చిన్న కుకీలోనే. రోజూ కుకీలు తుడిచేసేవాళ్లను రోజూ అడగడానికి కారణం అదే.

బ్రౌజర్‌లో "డూ నాట్ ట్రాక్" (నా వెంటపడి గమనించొద్దు) అనే స్విచ్ ఆన్ చేసుకుని నిశ్చింతగా కూర్చోకండి. అది కాలువ గట్టు మీద "చెత్త వేయరాదు" బోర్డు లాంటిది. సైట్‌కి విన్నపం వెళ్తుంది, వినడం వినకపోవడం వాళ్లిష్టం. ఆ ప్రమాణం కోసం పనిచేసిన డబ్ల్యూత్రీసీ (వెబ్ ప్రమాణాలు రూపొందించే సంస్థ) బృందం 2019లోనే మూతపడింది. ఫైర్‌ఫాక్స్ 2025లో ఆ స్విచ్‌నే పీకేసింది. బదులుగా క్రోమ్ సైట్ సెట్టింగ్స్‌లో థర్డ్ పార్టీ కుకీలను, అంటే మీరు తెరిచిన సైట్‌వి కాక బయటివాళ్లు పెట్టేవాటిని, బ్లాక్ చేయండి. ఇది కాలువ లాకు దగ్గర తలుపు దించడం: బ్రౌజరే ఆపుతుంది, అవతలివాళ్లను బతిమాలే పని లేదు. ఎక్కడైనా లాగిన్ మొరాయిస్తే ఆ ఒక్క సైట్‌కి సడలించండి చాలు.

ఇవన్నీ క్రోమ్‌లో సరిచేసుకున్నా, లింక్ నొక్కితే వేరే బ్రౌజర్ తెరుచుకుంటోందా? ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్స్, డిఫాల్ట్ యాప్స్, బ్రౌజర్ యాప్. రెండు నిమిషాల పని.

ఇవన్నీ చేసినా వదలని షాపింగ్ సైట్లుంటే ఫిర్యాదు చేయొచ్చు. కేంద్రం 2023 నవంబరు 30న 13 రకాల "డార్క్ ప్యాటర్న్స్"ను (కొనేవాళ్లను బుట్టలో వేసే సైట్ల ఎత్తుగడలను) నిషేధిస్తూ మార్గదర్శకాలు తెచ్చింది. అందులో "నాగింగ్" ఒకటి. వద్దనే వీలివ్వకుండా నోటిఫికేషన్లు ఆన్ చేయమనీ, కుకీలు ఒప్పుకోమనీ వేధించడం అందులో ఇచ్చిన ఉదాహరణే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915. ఫోన్ చేసేముందు ఆ బాక్స్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. "వద్దు" బటన్ లేదన్నది అందులో స్పష్టంగా కనబడాలి.